గాలి తీస్తే కదిలే బండి

సూర్యలంక బీచ్‌లో సరదాకి కారుని ఇసుకలోకి దింపినవాళ్లకి తర్వాత ఏం జరుగుతుందో తెలుసు. చక్రాలు ఒక జానెడు దిగుతాయి. డ్రైవింగ్ సీట్లో ఉన్నవాడు కంగారుపడి యాక్సిలరేటర్ తొక్కుతాడు. చక్రం తన గొయ్యి తనే తవ్వుకుంటుంది. మిగతావాళ్లు దిగి తోస్తారు, ఒళ్లంతా ఇసుక అవుతుంది తప్ప బండి కదలదు. చివరికి దారినపోయే ట్రాక్టర్ డ్రైవరెవరో ఆగి, నవ్వాపుకుంటూ, “టైర్లలో గాలి తగ్గించండి సార్” అంటాడు. మనకి నమ్మబుద్ధి కాదు. గాలి పోయిన బండి ఆగిపోతుందని కదా చిన్నప్పట్నుంచీ మనకి తెలిసింది. గాలి తీస్తే కదలడం ఏమిటి?

కదులుతుంది. ఆ ట్రాక్టరాయన ఒక్కమాటలో తేల్చేసిన సంగతిని నేర్చుకోడానికి మోటారు బళ్లకి ఒక ఎడారీ, కొన్నేళ్ల సెలవులూ, ఆ తర్వాత ఒక యుద్ధమూ కావలసొచ్చాయి.

ఈజిప్టుకి పడమర, లిబియా సరిహద్దు పొడుగునా గ్రేట్ శాండ్ సీ అని ఒక ఇసుక సముద్రం ఉంది. వైశాల్యం సుమారు 72,000 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో దాదాపు మూడింట రెండొంతులు. అందులో ఇసుకదిబ్బలు ఉత్తరం నుంచి దక్షిణానికి వరసలు కట్టి ఉంటాయి. కొన్ని వంద మీటర్ల ఎత్తు దాకా లేస్తాయి. వాటి వెంబడి నడవొచ్చు గానీ అడ్డంగా దాటడం కష్టం. 1874లో గెర్హార్డ్ రోల్ఫ్స్ అనే జర్మన్ యాత్రికుడు ఒంటెలతో పడమరకి దాటబోయి, వరస తర్వాత వరస తగులుతుంటే పడలేక, దిబ్బల మధ్య సందుల్లోంచి ఉత్తరానికి తిరిగి సీవా ఒయాసిస్ చేరుకున్నాడు.

ఒంటెకి ఇసుక మీద నడవడం ఎవరూ నేర్పలేదు. దాని పాదం మెత్తటి దిండు లాంటిది, కింద పెట్టగానే వెడల్పవుతుంది. మోయాల్సిన బరువు ఎక్కువ నేల మీద పరుచుకుంటుంది. 1923లో అహ్మద్ హసనైన్ అనే ఈజిప్షియన్ ఒంటెల మీదే వెళ్లి ఆర్కెనూ, ఉవైనాత్ కొండల్ని పటమెక్కించాడు. అక్కడి మనుషులకి ఆ కొండలు తరాలుగా తెలిసినవే. పటాలు గీసేవాళ్లకే కొత్త.

మోటారు బళ్లు వచ్చాక అందరికీ ముందు తట్టేది బలమే. ఇసుకలో కూరుకుపోతుంటే ఇంకా పెద్ద యంత్రం తేవాలి, చక్రాలకి బదులు గొలుసు పట్టాలు వెయ్యాలి. ఈజిప్టు రాకుమారుడు కెమాల్ ఎల్ దీన్ 1920లలో వెనక గొలుసు పట్టాలున్న సిట్రోయెన్ బళ్లతో ఎడారిలో చాలా దూరం తిరిగాడు. గిల్ఫ్ కెబీర్ పీఠభూమికి ఆ పేరు పెట్టింది ఆయనే. ఆ పద్ధతి పనిచేసింది కూడా. కాకపోతే బరువైన బండికి ఎక్కువ పెట్రోలు కావాలి, ఆ పెట్రోలు మొయ్యడానికి ఇంకో బండి కావాలి.

రెండో దారి పట్టినవాడు ర్యాల్ఫ్ బ్యాగ్నోల్డ్ (1896-1990). బ్రిటిష్ సైన్యంలో ఇంజనీరు. సాహిత్యం చదివేవాళ్లకి ఇతని కంటే ఇతని అక్కే ఎక్కువ తెలిసుండొచ్చు. 'నేషనల్ వెల్వెట్' నవల రాసిన ఎనిడ్ బ్యాగ్నోల్డ్ ఈయన అక్కగారు. తమ్ముడు మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో పనిచేసి, తర్వాత కేంబ్రిడ్జ్‌లో ఇంజనీరింగ్ చదివి, 1926లో ఈజిప్టుకి బదిలీ మీద వచ్చాడు. సెలవు దొరికితే స్నేహితుల్ని వెంటేసుకుని ఫోర్డ్ మోడల్ టీ కారులో ఎడారికి వెళ్లేవాడు. 1929 నుంచి మోడల్ ఏ కార్లు. ఖర్చు సొంతానిదే. జెర్జూరా అనే, కథల్లో తప్ప ఎక్కడా దొరకని ఒయాసిస్‌ని వెతకడం అన్నది వాళ్లు చెప్పుకున్న సాకు.

మోడల్ ఏ కారుకి వెనక ఇరుసుకే ఇంజను బలం అందుతుంది. ఎడారికి ఏమాత్రం పనికొచ్చే బండిలా కనిపించదు. బ్యాగ్నోల్డ్ దానికి పెద్దగా ఏదీ తగిలించలేదు, ఉన్నవే చాలావరకు ఊడదీశాడు. పై తొడుగు చాలావరకు తీసేసి సామాను పెట్టుకోడానికి చెక్కపెట్టె బిగించాడు. మరుగుతున్న రేడియేటర్ లోంచి ఆవిరి వృథాగా పోకుండా ఒక గొట్టంతో నీళ్ల డబ్బాలోకి మళ్లించాడు. ఆవిరి అక్కడ చల్లబడి మళ్లీ నీళ్లవుతుంది. కైరోలో పాత ఇనప సామాన్ల కొట్టులో దొరికిన అయిదడుగుల ఇనప రేకుల్ని కూరుకుపోయిన చక్రాల కింద పెట్టడానికి తీసుకున్నాడు. అవి మొదటి యుద్ధంలో కందకాల కప్పులకి వాడిన రేకులు. ఆ తర్వాత టైర్లలో గాలి తగ్గించాడు.

ఇక్కడ కాస్త లెక్క చెప్పుకోవాలి. పెట్రోలు బంకులో గాలి పట్టే కుర్రాడు “ఎంత పెట్టమంటారు, ముప్పై రెండా?” అని అడుగుతాడు కదా, ఆ అంకె చదరపు అంగుళానికి అన్ని పౌండ్ల ఒత్తిడి అని. టైరు నేలని నొక్కే ఒత్తిడి కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. ఒక చక్రం మీద 2000 పౌండ్ల బరువుందనుకోండి. గాలి 40 ఉంటే నేలకి ఆనే భాగం దాదాపు 50 చదరపు అంగుళాలు. 20కి తగ్గిస్తే దాదాపు 100. టైరు పక్కగోడలు కొంత బరువు మోస్తాయి కాబట్టి లెక్క అచ్చంగా ఇలాగే ఉండదు, కానీ దారి ఇదే. బండి బరువు ఒక్క కిలో కూడా తగ్గలేదు, నేల మీద ఆ బరువు పడే తీరు మారింది. అదే ఒంటె పాదం.

ఇంకో సంగతి. గాలి తగ్గితే టైరు ఆనే చోటు అడ్డంగా కంటే పొడుగ్గా ఎక్కువ పెరుగుతుంది. ముందున్న ఇసుకని తోసుకుంటూ పోకుండా దాని మీదకి ఎక్కి పోతుంది. వెనక జంట టైర్లు ఉంటే ఇంకా మంచిది కదా అనిపిస్తుంది. మన లారీలకి ఉండేవి అవే. తారురోడ్డు మీద బరువు మొయ్యడానికి అవి బాగానే ఉంటాయి. ఇసుకలో మాత్రం ముందు చక్రం వేసిన జాడ కంటే వెనక జంట వెడల్పు. కొత్త ఇసుకని మళ్లీ తొక్కాలి. జంట మధ్య రాళ్లు ఇరుక్కుంటాయి. ముందు చక్రం గట్టిచేసిన జాడలోనే వెనక ఒంటి చక్రం నడిస్తే బండికి శ్రమ తక్కువ.

మరి ఎప్పుడూ గాలి తక్కువే ఉంచుకుంటే పోలా? కుదరదు. మెత్తబడిన టైరు ప్రతి చుట్టుకీ నలుగుతుంది, నలిగితే వేడెక్కుతుంది. గట్టినేల మీద అలాగే వేగంగా పోతే పక్కగోడలు పాడవుతాయి. రాళ్ల మీద అయితే కోసుకుపోతాయి. కాబట్టి ఇసుక రాగానే గాలి తియ్యాలి, రాతినేల రాగానే మళ్లీ కొట్టాలి. ముందు నేల ఎలా ఉందో కంటితో చదవడం రావాలి. గాలి తోసుకొచ్చి నొక్కిన వైపు దిబ్బ గట్టిగా ఉంటుంది. అవతలి వైపు జారుడు, మెత్తన. గట్టి వైపు నుంచి వేగం తగ్గించకుండా ఎక్కాలి. శిఖరం దగ్గర మాత్రం అడ్డంగా తిప్పి ఆపాలి. అలా ఆపకపోతే అవతల ఎంత లోతుందో బండి దూకాకే తెలుస్తుంది.

ఈ చదువు బ్యాగ్నోల్డ్‌ని వదల్లేదు. 1935లో 'లిబియన్ శాండ్స్' అనే యాత్రా గ్రంథం అచ్చయింది. అదే ఏడాది సైన్యం నుంచి బయటకొచ్చి, ఒక గాలి సొరంగం కట్టుకుని, దాంట్లో ఇసుక పోసి గాలి వదిలి చూస్తూ కూచున్నాడు. ఇసుక రేణువు ఎక్కువగా గాల్లో తేలిపోదు, గెంతుతుంది. పడ్డచోట ఇంకొన్నిటిని ఎగరగొడుతుంది. ఎడారిలో ఇసుక ప్రయాణం చాలావరకు మోకాలి ఎత్తులోనే జరిగిపోతుంది. ఆ పరిశీలనలే 1941లో 'ది ఫిజిక్స్ ఆఫ్ బ్లోన్ శాండ్ అండ్ డెజర్ట్ డ్యూన్స్' పుస్తకం అయ్యాయి. ఈ రంగంలో ఇప్పటికీ అది మొదట చదవాల్సిన పుస్తకమే.

పుస్తకం వచ్చేనాటికి రచయిత మళ్లీ యూనిఫాంలో ఉన్నాడు. 1939లో వెనక్కి పిలిచి కెన్యాకి పంపితే, దారిలో ఓడ ఇంకో ఓడని గుద్దుకుంది. దాంతో ఈజిప్టులో దిగాడు. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి రాగానే, ఎడారి లోపల్నుంచి శత్రువు వెనక్కి వెళ్లొచ్చే దళం పెడతానని జనరల్ వేవెల్‌ని అడిగాడు. వేవెల్ ఆరు వారాలు గడువిచ్చాడు. అలా పుట్టిందే లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్. మొదటి సభ్యులు న్యూజిలాండ్ సైనికులు. తర్వాత భారతీయ అశ్విక రెజిమెంట్ల మనుషులతో ఏర్పడిన ఇండియన్ లాంగ్ రేంజ్ స్క్వాడ్రన్ కూడా వీళ్లతో కలిసి పనిచేసింది.

బళ్లు ఎంచుకోడంలో బ్యాగ్నోల్డ్ పాత పద్ధతినే పాటించాడు. టన్నున్నర రకం షెవర్లే ట్రక్కులు, వెనక ఇరుసుకి మాత్రమే బలం, నాలుగు మూలలా ఒక్కో వెడల్పు టైరు. తలుపులు, అద్దాలు, టాపు పీకేశారు. స్ప్రింగులకి అదనపు పట్టీలు వేశారు. వాళ్లకి ఎదురైన ఇటాలియన్ ఎడారి దళాల దగ్గర ఎస్‌పీఏ ఏఎస్37 బళ్లుండేవి. నాలుగు చక్రాలకీ బలం, నాలుగు చక్రాలూ తిరిగే ఏర్పాటు, పెద్ద టైర్లు. కాగితం మీద ఏది మంచి బండో అడగక్కర్లేదు.

1941లో ఆ షెవర్లేలు అరిగిపోయాక, వాటి స్థానంలో కెనడాలో తయారైన నాలుగు చక్రాల బలమున్న ఫోర్డ్‌లు వచ్చాయి. మెత్తటి ఇసుకలో అవి బాగానే లాగేవి. కానీ బరువెక్కువ, పెట్రోలు ఎక్కువ తాగేవి. మధ్యలో ఎక్కడా బంకు లేని చోట వందల మైళ్లు పోయి రావాలి. ప్రతి అదనపు డబ్బా పెట్రోలు కోసం నీళ్లో, తిండో, తూటాలో వదులుకోవాలి. అందుకని 1942లో దళం మళ్లీ రెండు చక్రాల బలమున్న షెవర్లేలకే తిరిగొచ్చింది. నాకు ఈ కథలో బాగా నచ్చిన మలుపు ఇదే. రెండూ నడిపి చూసినవాళ్లు, ప్రాణాలు పందెం పెట్టినవాళ్లు, తక్కువ బలమున్న బండిని ఎంచుకున్నారు. కూరుకుపోతే ఇనప రేకులున్నాయి, గాలి తియ్యొచ్చు, పదిమంది తొయ్యొచ్చు. పెట్రోలు అయిపోతే మాత్రం చేసేదేమీ లేదు.

పందెం అన్నది మాటవరసకి కాదు. 1941 జనవరి 31న జెబెల్ షెరీఫ్ దగ్గర ఇటాలియన్ దళం ఒక పెట్రోల్ పార్టీ మీద విరుచుకుపడింది. ట్రక్కులు కొన్ని కాలిపోయాయి, నాయకుడు క్లేటన్ పట్టుబడ్డాడు. తప్పించుకున్న నలుగురు, రెండు గ్యాలన్ల లోపు నీళ్లతో, తమ బళ్లు వచ్చిన చక్రాల జాడల్ని పట్టుకుని దక్షిణానికి నడిచారు. పదిరోజుల్లో 200 మైళ్లకి పైగా. ఫ్రెంచి సైనికులు కనుక్కునేసరికి నలుగురూ బతికే ఉన్నారు, కానీ ఈస్టన్ అనే అతను ఆ తర్వాత ఎంతోసేపు నిలవలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. సెలవుల్లో పోగుచేసుకున్న ఈ విద్య ఒక పక్షం సొత్తుగా ఉండిపోలేదు. జెర్జూరా వెతుకులాట రోజుల నుంచీ వీళ్లకి తెలిసిన హంగేరియన్ అల్మాషీ, 1942 మేలో జర్మన్ల తరఫున, బ్రిటిష్ సైన్యం దగ్గర పట్టుకున్న ఫోర్డ్ బళ్లతో ఇదే ఎడారి దాటి ఇద్దరు గూఢచారుల్ని ఈజిప్టులో దింపాడు. 'ది ఇంగ్లిష్ పేషెంట్' చదివినవాళ్లకి ఈ పేరు కొత్త కాదు. నవల్లోని అల్మాషీ ప్రేమికుడు. అసలు అల్మాషీకి కూడా ఏ దిబ్బని ఎటునుంచి ఎక్కాలో బాగా తెలుసు. ఒకప్పుడు పటాల గురించి మాట్లాడుకున్న మనుషులు ఒకరి చక్రాల జాడల్ని ఒకరు వెతుక్కునే పరిస్థితి వచ్చింది.

ఆ యుద్ధంలోనే అమెరికన్ల డక్ అనే నీటిలోనూ నేల మీదా నడిచే ట్రక్కుకి, సీట్లో కూచునే టైర్లలో గాలి పెంచి తగ్గించే ఏర్పాటు వచ్చింది. సముద్రంలోంచి ఒడ్డు ఇసుక మీదకి ఎక్కాలి కాబట్టి ఆ అవసరం. ఇవాళ చాలా సైనిక వాహనాల్లో అది మామూలు విషయం.

కథ అక్కడితో ఆగలేదు. అంగారకుడి మీద కూడా గాలి ఇసుకని తోస్తుంది. అక్కడి దిబ్బల్ని అర్థం చేసుకోడానికి శాస్త్రవేత్తలు 1941 నాటి ఆ పుస్తకాన్నే మళ్లీ తెరిచారు. 2015 చివర్లో క్యూరియాసిటీ రోవర్ చేరుకున్న దిబ్బలకి బ్యాగ్నోల్డ్ పేరే పెట్టారు. దానికి ఆరు చక్రాలు, ఆరింటికీ ఆరు మోటార్లు. చక్రాలు అల్యూమినియంవి. వాటికి సూదిరాళ్లు చిల్లులు పొడిచాయి. అంతకు ముందు 2009లో స్పిరిట్ అనే ఇంకో రోవర్ మెత్తటి మట్టిలో దిగబడింది. భూమ్మీద ఇంజనీర్లు నెలల తరబడి, అలాంటి మట్టే తయారుచేసుకుని, అలాంటి బండినే అందులో దింపి, ఏ చక్రం ఎటు తిప్పాలో ప్రయత్నించి చూశారు. స్పిరిట్ బయటికి రాలేదు. 2010 మార్చి తర్వాత దాని నుంచి కబురు లేదు.

దాని చక్రాలు కూడా లోహంతో చేసినవే. తియ్యడానికి వాటిలో గాలి లేదు.