వృద్ధులకు వంటగది భద్రత

వయసు మళ్లినవారు ఇంట్లో తామే వండుకునేటప్పుడు గ్యాసు లీకవడం, ఒళ్లు కాలడం, జారిపడడం వంటి ప్రమాదాలు జరగకుండా చేసుకునే ఏర్పాట్లు ఇవి. పిల్లలు దూరాన స్థిరపడి, భార్యాభర్తలిద్దరే మిగిలిన ఇళ్లలో వీటి అవసరం ఎక్కువ. అమ్మను పొయ్యి దగ్గరికి రానివ్వకపోవడమే భద్రత అనుకునేవాళ్లున్నారు. అది తేలికైన దారే గానీ, ఆమె చేతిలోని పని లాగేసుకోవడం అవుతుంది.

గ్యాసు

వంటగ్యాసుకు సొంత వాసన దాదాపు ఉండదు. లీకైతే తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. వయసుతో వాసన పట్టే శక్తి తగ్గుతుంది కాబట్టి ఆ హెచ్చరిక పెద్దవాళ్లకే ఆలస్యంగా అందుతుంది. పాలు పొంగి మంట ఆరిపోయినా గమనించకపోవచ్చు. మంట ఆరగానే గ్యాసు దానంతటదే ఆగే స్టవ్‌లు ఇందుకే ఉపయోగం. ఈ గ్యాసు గాలికంటే బరువు, నేలమీదే పేరుకుంటుంది. అలారం బిగిస్తే నేలకు దగ్గరగానే బిగించాలి. అనుమానం రాగానే రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తెరిచి, ఏ స్విచ్చీ ముట్టుకోకుండా బయటికి వచ్చి గ్యాసు లీకు సహాయ నంబరు 1906కు ఫోన్ చేయాలి. ఆ నంబరు పెద్ద అంకెల్లో రాసి అంటించాల్సింది వంటింట్లో కాదు, వీధిగదిలో.

14.2 కిలోల సిలిండరు నిండుగా ఉంటే ఇంచుమించు 30 కిలోలు తూగుతుంది. దాన్ని తెచ్చిన మనిషి చేతే బిగింపించుకోవాలి. 10 కిలోల కాంపోజిట్ సిలిండరు బరువు అందులో సగం. గ్యాసు ఎంతుందో బయటికే కనిపిస్తుంది. రబ్బరు గొట్టాన్ని అయిదేళ్లకోసారి మార్చాలి.

వేడి

గంజి వార్చడం అన్నిటికంటే ప్రమాదం: బరువైన గిన్నె, మరుగుతున్న నీళ్లు, పట్టు తప్పే వేళ్లు. అత్తెసరు పెట్టుకుంటే ఆ పనే ఉండదు. చాలాకాలంగా షుగరు ఉన్నవారికి చేతులు మొద్దుబారి, కాలుతున్న సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. వారికి మసిగుడ్డకంటే గట్టి పట్టకారు మేలు. నైలాన్ చీర మంటకు కరిగి ఒంటికి అంటుకుంటుంది. నూలుచీరైనా కొంగు దోపుకోవాలి. కాలినచోట 20 నిమిషాలపాటు కుళాయి నీళ్లు పోయాలి, పసుపూ టూత్‌పేస్టూ పూయకూడదు. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు చల్లకుండా స్టవ్ ఆపి మూత పెట్టాలి.

ఇండక్షన్ పొయ్యికి మంట ఉండదు, టైమరు ఉంటుంది. పేస్‌మేకరు ఉన్నవారు మాత్రం వైద్యుణ్ని అడిగాకే వాడాలి.

నేల, ఎత్తు, వెలుతురు

సింకు ముందు పాత చీరముక్క పరిస్తే కాలితోపాటు అదీ జారుతుంది. అడుగున రబ్బరున్న పట్టా వేయాలి. రోజూ వాడే డబ్బాలు నడుముకూ భుజానికీ మధ్య అందేలా సర్దాలి. అటక మీది సామాను కోసం స్టూలెక్కడం మానాలి. కత్తిపీట ముందు కూర్చుని ఒక్కసారిగా లేస్తే, బీపీ మందులు వాడేవారికి కళ్లు తిరగవచ్చు. కూరలు బల్లమీదే తరుక్కోవచ్చు. దీపం వెనకుంటే మనిషి నీడ గట్టుమీదే పడుతుంది కాబట్టి, దాన్ని స్టవ్ వెనక, మనిషికి ఎదురుగా ఉన్న గోడకు పెట్టించాలి.