టీ పార్టీ: మితవాదులా, అతివాదులా?



ఈ ఎపిసోడ్‌ని ఒక తప్పు ఒప్పుకోవడంతో మొదలుపెడతాను. ఆ మధ్య ఒబామా గురించి చెబుతూ, "టీ పార్టీ అనే అతివాద ఉద్యమం" అని ఒక్క ముక్కలో అనేసి ముందుకెళ్ళిపోయాను. ఆ రాత్రే టెక్సాస్‌ నుంచి ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. "అన్నగారూ, మా పక్కింట్లో రిటైరైన టీచరమ్మ ఉండేది. ఆవిడ ఆ మీటింగులకి వెళ్ళేది. మా పిల్లలకి కుకీలు పంపేది. ఆవిడ అతివాదా?" అన్నాడు. నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఆ జవాబు కోసమే ఈ ఎపిసోడ్.

ముందు మాట సంగతి చూద్దాం. ఇంగ్లీషులో ఎక్స్‌ట్రీమిస్ట్ అనే ఒక్క మాటకి మనకి మూడున్నాయి. అతివాది, తీవ్రవాది, ఉగ్రవాది. తీవ్రవాది అంటే మనకి తుపాకీ కనిపిస్తుంది. ఉగ్రవాది అంటే బాంబు. అతివాది అంటే మాత్రం స్కూల్లో చదువుకున్న తిలక్, లజపతిరాయ్, బిపిన్ చంద్రపాల్ గుర్తొస్తారు. 1907లో సూరత్‌లో కాంగ్రెస్ చీలినప్పుడు ఒక వర్గం మితవాదులు, రెండో వర్గం అతివాదులు. అదే ఏడాది ఏప్రిల్‌లో పాల్ రాజమండ్రి వచ్చి మాట్లాడితే కుర్రకారు ఊగిపోయింది. ఆంగ్లేయ దొరలకి తిట్టుగా పనికొచ్చిన మాట మన పాఠ్యపుస్తకాల్లో గౌరవంగా నిలబడింది. అంటే, ఈ మాట ఎవరు ఎవరిని అంటున్నారన్నది కూడా చూడాలి. ఇంకో తమాషా ఏమిటంటే, మన పత్రికలు రైట్ వింగ్‌ని మితవాదం అంటాయి. కాబట్టి ఇవాళ్టి ప్రశ్న ఇలా తయారైంది: ఈ మితవాదులు అతివాదులా?

ఇక కథలోకి వెళ్దాం. 2008 అక్టోబర్. అమెరికాలో బ్యాంకులు కూలుతున్నాయి. రిపబ్లికన్ అధ్యక్షుడు జార్జ్ బుష్ వాటిని నిలబెట్టడానికి 70,000 కోట్ల డాలర్ల చట్టం మీద సంతకం పెట్టాడు. 2009 ఫిబ్రవరి 17న ఒబామా ఇంకో 78,700 కోట్ల డాలర్ల ఉద్దీపన చట్టం తెచ్చాడు. మర్నాడు, ఇంటి అప్పులు కట్టలేని వాళ్ళకి సాయంగా 7,500 కోట్ల పథకం ప్రకటించాడు. ఆ మర్నాడు, 19న, సీఎన్‌బీసీ రిపోర్టర్ రిక్ శాంటెల్లీ షికాగో ఎక్స్ఛేంజ్ ఫ్లోర్ మీద నిలబడి లైవ్‌లో విరుచుకుపడ్డాడు. పక్కింటివాడు తాహతుకు మించి ఇల్లు కొనుక్కుంటే ఆ వాయిదాలు మేమెందుకు కట్టాలన్నది ఆయన వాదన. షికాగోలో ఒక టీ పార్టీ పెడదాం అన్నాడు. ఆ వీడియో దేశమంతా తిరిగింది. ఏప్రిల్ 15, అంటే పన్ను రిటర్నులకి ఆఖరి రోజు, వందల ఊళ్ళలో జనం రోడ్డెక్కారు.

ఆ పేరు ఎక్కడిదో మీకు తెలిసే ఉంటుంది. 1773 డిసెంబర్ 16, బోస్టన్ రేవు. ఈస్టిండియా కంపెనీ వాళ్ళ 342 టీ పెట్టెలు సముద్రం పాలయ్యాయి. ఇందులో మనం సాధారణంగా చెప్పుకోని విషయం ఒకటుంది. అప్పటికి ఉత్తర సర్కారుల్లో చాలాభాగం చేతిలో పెట్టుకున్న ఆ కంపెనీయే దివాలా అంచున ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం దానికి 14 లక్షల పౌండ్లు అప్పిచ్చింది. గోదాముల్లో పేరుకున్న టీని అమెరికాలో చవగ్గా అమ్ముకోనిచ్చింది, పాత పన్ను మాత్రం తీసెయ్యలేదు. అంటే ఆ టీ చట్టం కూడా ఒక పెద్ద కంపెనీని గట్టెక్కించే ఏర్పాటే! 1773లోనూ 2009లోనూ కోపం ఒక్కచోటే పుట్టింది: పెద్దవాడు మునిగితే సర్కారు చెయ్యిస్తుంది, మనం మునిగితే? మరి బోస్టన్ వాళ్ళు అతివాదులా? జార్జ్ వాషింగ్టన్‌కే ఆ టీ నాశనం చెయ్యడం నచ్చలేదు. ఫ్రాంక్లిన్ అయితే కంపెనీకి నష్టపరిహారం కట్టాలన్నాడు.

సరే, ఇప్పుడు అభియోగాలు ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, ఇది నిజంగా జనంలోంచి వచ్చిందా అన్నది. కోక్ సోదరుల డబ్బుతో నడిచే అమెరికన్స్ ఫర్ ప్రాస్పెరిటీ, డిక్ ఆర్మీ నడిపిన ఫ్రీడమ్‌వర్క్స్ వెనకాల ఉన్నాయి. అది నిజం. కానీ హార్వర్డ్ ఆచార్యురాలు థీడా స్కోచ్‌పోల్, వెనెస్సా విలియమ్సన్‌తో కలిసి, ఊళ్ళలో జరిగే మీటింగులకి స్వయంగా వెళ్ళి చూసింది. వెయ్యి దాకా స్థానిక బృందాలు, ఎక్కువమంది మధ్యతరగతి తెల్లవాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు. డబ్బు పైనుంచి వచ్చింది, కోపం కిందనే ఉంది. ఇంకొకటి కూడా వాళ్ళు గమనించారు. ఈ జనానికి తమ పెన్షన్ మీదా, వృద్ధుల వైద్యబీమా మీదా కోపం లేదు. అవి మేం కష్టపడి సంపాదించుకున్నవి అంటారు. "అర్హత లేనివాళ్ళకి" పోయే డబ్బు మీదే కోపం.

రెండో అభియోగం ఇక్కణ్ణుంచే వస్తుంది, జాతివివక్ష. ఒబామాని మంత్రగాడిలా గీసిన బొమ్మలు ఆ ఊరేగింపుల్లో కనిపించాయి. ఆయన అమెరికాలో పుట్టలేదన్న అబద్ధాన్ని నమ్మినవాళ్ళు వాళ్ళలో బోలెడుమంది. 2010 జులైలో నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ, "మీలోని జాతివాదులను మీరే బయటికి పంపండి" అన్న అర్థంలో తీర్మానం చేసింది. దానికి టీ పార్టీ ఎక్స్‌ప్రెస్ నాయకుడు మార్క్ విలియమ్స్ ఎంత వెకిలి రాత రాశాడంటే, టీ పార్టీ ఫెడరేషనే ఆ సంస్థని బయటికి గెంటింది. అంటే మచ్చ ఉంది, దాన్ని చూసి సిగ్గుపడ్డవాళ్ళూ ఉన్నారు.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా బరువైనది. 2010 నవంబర్లో రిపబ్లికన్లకి ప్రతినిధుల సభలో 63 సీట్లు పెరిగాయి. ఆ ఊపులో వచ్చిన కొత్త సభ్యులు 2011 వేసవిలో అప్పు పరిమితి పెంచనివ్వం అని భీష్మించారు. ఈ పరిమితి కొత్త ఖర్చుకి కాదండీ. ఖర్చు పెట్టాలని చట్టం ఎప్పుడో చెప్పేసింది, ఇప్పుడు బాకీ తీర్చడానికి అప్పు కావాలి. కిరాణా కొట్లో పద్దు మీద సరుకు తెచ్చుకుని, వండుకు తినేసి, నెలాఖర్న "మా ఇంట్లో పొదుపు మొదలైంది, పద్దు కట్టం" అంటే ఎలా ఉంటుంది? ఆగస్టు 2న రాజీ కుదిరింది. 5న స్టాండర్డ్ అండ్ పూర్స్ అమెరికా రేటింగ్‌ని చరిత్రలో మొదటిసారి తగ్గించింది. 2013 అక్టోబర్లో ఒబామా వైద్యబీమా చట్టాన్ని ఆపాలని పట్టుబడితే 16 రోజులు ప్రభుత్వ ఆఫీసులు మూతపడ్డాయి.

ఇన్ని విన్నాక తీర్పు ఎలా చెప్పాలి? నేను మూడు ప్రశ్నలు పెట్టుకున్నాను. ఏం అడిగారు? ఎలా అడిగారు? కాదంటే ఏం చేశారు?

ఏం అడిగారు: ప్రభుత్వం తక్కువ ఖర్చు పెట్టాలని. అప్పు చేసి పప్పుకూడు వద్దనడం అతివాదం కాదు, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. ఎలా అడిగారు: ఊరేగింపులు, మీటింగులు, సొంత పార్టీలోనే పోటీలు. 2014లో రిపబ్లికన్ సభానాయకుడు ఎరిక్ కాంటర్‌నే డేవ్ బ్రాట్ అనే ఒక కాలేజీ ప్రొఫెసర్ ఓడించాడు, ఓట్లతోనే. అంతకు ముందు ఏడాది, ఆదాయపన్ను శాఖ "టీ పార్టీ" అన్న పేరుండేసరికి దరఖాస్తులు పక్కనపెట్టి నలిపిందని తేలితే వీళ్ళు కోర్టుకెళ్ళారు, రాళ్ళు పట్టుకోలేదు. కాదంటే ఏం చేశారు: 2012లో ఒబామా మళ్ళీ గెలిచాడు. ఏడ్చారు, తిట్టుకున్నారు, వచ్చే ఎన్నికల కోసం పని మొదలుపెట్టారు.

అందుకని నా తీర్పు ఇది. ఆ ఉద్యమం అతివాదం కాదు. దాని అంచుల్లో జాతిద్వేషం ఉంది, దాన్ని ఆ పేరుతోనే పిలవాలి. 2011లో ఆడిన ఆట, చట్టబద్ధమే అయినా, అతివాద చర్య. విశేషణం ఆ చర్యకి పెడదాం, టీచరమ్మకి వద్దు.

ఆ ఉద్యమాన్ని నిలదీయాల్సిన అసలు చోటు వేరే ఉంది. మిక్ మల్వేనీ 2010 టీ పార్టీ గాలిలో సౌత్ కెరొలినా నుంచి గెలిచాడు. 2017లో ట్రంప్ బడ్జెట్ డైరెక్టరయ్యాడు. 2019లో లోటు ఎంతో తెలుసా? 98,400 కోట్ల డాలర్లు, అదీ ఆర్థిక వ్యవస్థ బాగున్న రోజుల్లో! రోడ్డెక్కిన జనం ఎక్కడ? కనిపించలేదు. వాళ్ళు అతిగా పొదుపరులు కావడం కాదు సమస్య, మనవాడి ఖర్చు దగ్గర పొదుపు మర్చిపోయారు.

చివరిగా ఒక్క మాట. 2021 జనవరి 6న ఓడిపోయిన పక్షం జనం పార్లమెంటు భవనం మీద పడి ఓట్ల లెక్కింపు ఆపబోయారు. 2010 నాటి జనంలో కొందరు అప్పటికి ఆ దారి పట్టి ఉండొచ్చు. కానీ ఆ రోజుకి అతివాదం అన్న మాట కావలసివచ్చింది. మనం దాన్ని పదేళ్ళ ముందే, నచ్చనివాళ్ళందరి మీదా వాడేసి ఉంటే, అవసరమైన రోజున ఎవరు నమ్ముతారు? మాటల్లో కూడా పొదుపు కావాలండీ. నేను ఆ రోజు దుబారా చేశాను.

మా మిత్రుడికి ఇదే నా జవాబు.