పాలారు లోయలో కాలినడక: రాయవేలూరు, గుడియాత్తం దారుల చరిత్ర

నది ఒడ్డున ఊరికే నడవడానికని ఊరు విడిచి వెళ్ళడం మన జీవితానికి అంతగా అలవాటైన పని కాదు. తీర్థానికి నడిచాం, సంతకు నడిచాం, జాతరకు నడిచాం, కరువు వచ్చినప్పుడు కూలికి నడిచాం. దృశ్యం కోసం నడవడమనేది ఇంగ్లండులో కూడా మరీ పాత అలవాటేమీ కాదు. వై నది లోయను గురించి విలియం గిల్పిన్ రాసిన పుస్తకం 1782లో అచ్చయింది. లోయలు చూడబోయే వేడుక అక్కడి చదువుకున్నవారిలో బలపడింది ఆ కాలంలోనే. ఇప్పుడు రాయవేలూరు, గుడియాత్తం పట్టణాల వారు సెలవు దినాల్లో మోర్ధానా ఆనకట్ట వైపో, పాలారు గట్టు వైపో పోయి రావడం చూస్తున్నాం. మంచిదే. అయితే వారు నడిచే దారి కొత్తది కాదు. ఆ దారి మీద నడిచిన వారిలో తెలుగువారి పాలు ఎంతో ఉన్నదనీ, ఆ పాలు జిల్లాల చరిత్రల్లో కంటే దారి చరిత్రలోనే స్పష్టంగా కనిపిస్తుందనీ చెప్పడమే ఈ వ్యాసంలో మేము తలపెట్టిన పని.

పాలారు కర్ణాటకలోని నందికొండల ప్రాంతంలో పుట్టి, కుప్పం సీమలో కొద్ది దూరం ఆంధ్రదేశంలో పారి, వాణియంబాడి ఎగువన తమిళనాడులో ప్రవేశిస్తుంది. మొత్తం 348 కి.మీ.లో కర్ణాటకలో 93, ఆంధ్రప్రదేశ్‌లో 33, తమిళనాడులో 222. తమిళులు పాలు, ఆఱు అన్నారు; మనం పాలేరు అన్నాం; సంస్కృతం చదివినవారు క్షీరనది అన్నారు. మూడింటిలోనూ పాలే ఉన్నాయి, నదిలో నీళ్ళే తరచు లేవు. గుడియాత్తం పట్టణాన్ని చీల్చుకుంటూ పోయే కౌండిన్య నది ఈ పాలారుకు ఉపనది. అది పలమనేరు కొండల్లో పుట్టి, అడవిలోంచి మోర్ధానా దగ్గర మైదానానికి దిగుతుంది. కొండ అంచు నుంచి పాలారు సంగమం దాకా ఉన్న ఈ చిన్న లోయ కొబ్బరితోటలతో, వరిమళ్ళతో, వెనక నీలంగా నిలిచిన కనుమలతో కంటికి ఇంపుగా ఉంటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నడవడానికి అనువైన కాలం. ఎండాకాలంలో ఈ సీమ సంగతి వేలూరు ఎండ తెలిసినవారికి చెప్పనక్కరలేదు.

వేలూరుకు పడమట సుమారు 13 కి.మీ. దూరంలో, పాలారు దక్షిణపు ఒడ్డున విరించిపురం ఉంది. అక్కడి శివుని పేరు మార్గబంధువు. దేవుడికి దారిలో తోడుండే చుట్టమని పేరు పెట్టుకున్న ఊరు ఎటువంటి దారి మీద ఉండి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. తీరం నుంచి కాంచీపురం, ఆర్కాటు మీదుగా పీఠభూమికి ఎక్కే బాట ఇదే. ఈ ఊళ్ళోనే క్రీ.శ. 1425 నాటి, అంటే శాలివాహన శకం 1347 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగర చక్రవర్తి రెండవ దేవరాయల కాలంలో పడైవీడు రాజ్యంలోని బ్రాహ్మణులు చేసుకున్న కట్టుబాటు అది. ఇకపై పెళ్ళిళ్ళు కన్యాదానంగానే జరగాలి, పిల్లకు సొమ్ము ఇచ్చినవారికీ పుచ్చుకున్నవారికీ రాజదండన తప్పదు, కులం నుంచి వెలి తప్పదు అని దాని సారాంశం. సంఘచరిత్రకారులు దీన్ని వివాహ వ్యవస్థ కోసం ఎత్తి చూపుతారు. మాకు మరొక సంగతి ముఖ్యంగా తోస్తున్నది. ఆ కట్టుబాటుకు ఒప్పుకున్న వారిలో కన్నడిగులు, తమిళులు, తెలుగులు, లాటులు అని విడివిడిగా పేర్కొన్నారు. నాయకరాజుల దండ్ల వెంట తెలుగువారు ఈ లోయకు వచ్చారని సులువుగా చెప్పే మాట ఒకటి వాడుకలో ఉంది. వేలూరు కోట పుట్టుకకు నూరేళ్ళకు పైగా ముందే, తమకంటూ ఒక పేరుతో, పొరుగువారితో కూర్చుని కట్టుబాటు చేసుకోగల స్థితిలో తెలుగువారు ఇక్కడ ఉన్నారని ఈ శాసనం వల్ల తెలుస్తున్నది. దండు కంటే ముందు దారి వచ్చింది.

కోట సంగతి మన పాఠకులకు తెలిసినదే కనుక క్లుప్తంగా ముగిస్తాం. 16వ శతాబ్దిలో చినబొమ్మనాయకుని ఏలుబడిలో వేలూరు వెలిగింది. అతని ఆస్థానంలో కనకాభిషేకం పొందిన అప్పయ్య దీక్షితులు విరించిపురం దేవుని మీద మార్గబంధు స్తోత్రం రచించారు. ప్రయాణానికి ముందు దాన్ని చదువుకునే ఆచారం నేటికీ ఉంది. తెలుగు నాయకుని ఆశ్రయంలో ఒక తమిళ దేశపు పండితుడు సంస్కృతంలో బాటసారుల దేవుణ్ణి స్తుతించడం ఈ లోయ స్వభావానికి తగినట్టుగానే ఉంది. తరవాత 17వ శతాబ్ది ఆరంభంలో ఆరవీటి వేంకటపతిరాయలు లింగమనాయకుని చేతిలోంచి వేలూరును తీసుకున్నారు. ఊరి పేరుకు ముందు 'రాయ' అన్న మాటను తెలుగువారు నేటికీ విడిచిపెట్టలేదు.

ఈ దారిని గురించి వివరంగా రాసిన విదేశీయుడు ఫ్రాన్సిస్ బుకానన్. శ్రీరంగపట్నం పతనమైన మరుసటి ఏడు, 1800 ఏప్రిల్లో, వెల్లస్లీ ఆజ్ఞ మీద మద్రాసు నుంచి బయలుదేరి, ఆర్కాటు, వేలూరు, పళ్ళికొండ, సాత్‌గఢ్‌ల మీదుగా పెద్దనాయకుని దుర్గం కనుమ ఎక్కి వెంకటగిరికోటకు చేరాడు. అతనిది విహారయాత్ర కాదు, కొత్తగా చేతికి చిక్కిన దేశం ఏం పండిస్తుందో లెక్క చూసే పని. అందుకే అతని రాతలో దృశ్యవర్ణన తక్కువ, సేద్యం ఎక్కువ. అదే మనకు మేలు చేసింది. ఎండాకాలంలో పాలారు పైకి ఇసుకే అయినా, ఆ ఇసుకలో అయిదారు అడుగుల లోతున కాలువ తవ్వితే నీరు ఊరి పారుతుందనీ, ఆ నీటితో ఒడ్డు పొలాలు పచ్చగా ఉన్నాయనీ అతడు గమనించాడు. ఇవే ఊటకాలువలు. నది అడుగున దాగిన నీటిని వాలు చూసి, మోట లేకుండా, ఎద్దు లేకుండా మడికి చేర్చే ఉపాయం. ఇసుక పోసినచోటనే నిలవదు కనుక ఏటా వానలు వెళ్ళాక మళ్ళీ తవ్వాలి. తవ్వడానికి ఊరంతా కలిసి రావాలి. ఎవరి వంతు ఎప్పుడన్నది తేలితేనే కాలువ పారేది. ఊటకాలువ ఒక్కటే ఒక ఊరి ఐకమత్యానికి సాక్ష్యంగా చాలునని మా అభిప్రాయం. లోయలో నడిచేవారు ఆలయ గోపురాల కోసం తలెత్తి చూసినంతగా ఈ కాలువల కోసం తల వంచి చూడరు.

1856లో రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు పడిన రైలుమార్గం ఆ తరవాత పాలారు వెంటనే పడమటికి సాగింది. బాటసారి నడక అక్కడ కుంటుపడింది. దానికంటే పెద్ద దెబ్బ కాగితం మీద పడింది. అంతవరకు చిత్తూరు ముఖ్యపట్టణంగా ఉన్న ఉత్తరార్కాటు జిల్లాలో పలమనేరు, గుడియాత్తం రెండూ చేరి ఉండేవి. కాక్స్ కూర్చగా స్టువర్టు సవరించిన ఆ జిల్లా మాన్యువల్లో కొండ ఎగువా దిగువా ఒకే కథగా సాగుతాయి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడింది. పలమనేరు అటు, గుడియాత్తం ఇటు. 1953లో ఆ గీతే రాష్ట్రాల హద్దు అయింది. కౌండిన్య ఒక రాష్ట్రంలో పుట్టి మరొక రాష్ట్రంలో పాలారులో కలిసే నదిగా మారింది. అప్పటినుంచి చిత్తూరు చరిత్ర రాసేవారు కనుమ అంచున కలం ఆపుతారు, వేలూరు చరిత్ర రాసేవారు కనుమ అడుగున మొదలుపెడతారు. హద్దు మీది సైనగుంట పేరులోని తెలుగు 'గుంట' మాత్రం ఇరువురికీ కనబడుతూనే ఉంది.

హద్దును లెక్కచేయనిది గంగమ్మ ఒక్కతే. గుడియాత్తంలో కౌండిన్య ఒడ్డున ఉన్న గంగమ్మ గుడిలో తమిళ వైకాశి నెల మొదటి రోజున, అంటే మే నడుమ, శిరస్సు ఉత్సవం జరుగుతుంది. అమ్మవారి తలను వీధుల్లో ఊరేగించి తెచ్చి గుడిలో మొండేనికి అమరుస్తారు. పరశురాముడు తల్లి రేణుక తల నరికిన కథ దీనికి మూలం. కుప్పంలోనూ గంగమ్మ జాతరలో శిరస్సు ఊరేగింపు ఉంది, అదీ మే నెలలోనే. తిరుపతి గంగమ్మ జాతర సరే సరి. వీటిని విడివిడిగా వర్ణించినవారున్నారు గాని, లోయ వెంట ఒక వరుసలో పెట్టి పరిశీలించవలసి ఉంది.

ఇక నేటి నడక మాట. పాలారు ఒడ్డున ఆంబూరు, వాణియంబాడి, రాణిపేటలలోని తోళ్ళ కర్మాగారాల మురుగు నేలలోకీ బావుల్లోకీ ఇంకింది. 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు, వేలూరు పౌరుల సంక్షేమ వేదిక వేసిన వ్యాజ్యంలో, కలుషితం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని మన దేశపు చట్టంలో భాగంగా ప్రకటించింది. దేశమంతటా ఉదహరించే ఆ తీర్పు పుట్టింది ఈ నది కోసం. అయినా నది బాగుపడలేదని 2025 జనవరిలో అదే కోర్టు మళ్ళీ కలగజేసుకోవలసి వచ్చింది. ఎగువ ఆనకట్టల మీద ఆంధ్ర, తమిళనాడుల తగవు మరొకటి. ఇసుక తవ్వకం వీటన్నిటికంటే లోతుగా తగిలింది. ఇసుక పోయినచోట ఊట ఉండదు, ఊట లేనిచోట కాలువ ఉండదు. బుకానన్ చూసిన పచ్చదనానికి ఆధారం ఆ ఇసుకే. 2021 నవంబరులో మాత్రం నది తన పాత దారిని గుర్తు చేసుకుంది. 2001లో కట్టిన మోర్ధానా ఆనకట్ట పొంగి పొర్లి, గుడియాత్తంలో కౌండిన్య గట్టున కట్టుకున్న ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి.

మోర్ధానాకు ఎగువన నడవదలచినవారు అటవీశాఖ వారిని అడిగి వెళ్ళడం అవసరం. 1980లలో హోసూరు, ఆనేకల్లు అడవుల నుంచి ఏనుగులు ఈ కొండలకు తరలివచ్చాయి. 1990లో ఆంధ్ర వైపు కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. వాటికీ 1911 నాటి గీత తెలియదు. దిగువన విరించిపురం నుంచి పళ్ళికొండ రంగనాథుని గుడి దాకా పాలారు గట్టు వెంట నడిచే విద్యార్థులను మేము కోరేది ఒకటే. ఒడ్డు పల్లెల్లో ఊటకాలువలు తవ్విన పెద్దలు ఇంకా ఉన్నచోట ఆ కాలువల పేర్లు, వంతుల లెక్క, పనిముట్ల పేర్లు, తమిళమైనా తెలుగైనా, వారు పలికినట్టే రాసుకుని రావాలి.