నీళ్ళు నిలిపే తొట్టి కథ



కొత్త ఇల్లు కట్టుకునేవారు కొందరు స్నానాలగదిలో టైల్స్ తొట్టి కావాలంటున్నారు. రంగుల కోసం నాలుగు దుకాణాలు తిరుగుతారు గాని, నీళ్ళను ఆపేది ఏమిటని మేస్త్రీని అడగరు. ఆ ప్రశ్నకు మన పూర్వులు ఎప్పుడో జవాబు చెప్పారు.

1925-26 తవ్వకాల్లో మొహెంజొదారోలో మహా స్నానవాటిక బయటపడింది. వయస్సు సుమారు నాలుగున్నర వేల ఏళ్ళు. పొడవు 12 మీటర్లు, వెడల్పు 7, లోతు 2.4 మీటర్లు. కాల్చిన ఇటుకలను జిప్సం గారతో సందు లేకుండా పేర్చారు. అసలు రహస్యం ఆ ఇటుకల వెనుక ఉంది. అక్కడ తారువంటి శిలాజతు పదార్థం పూసి, దానికి వెనుక మరో ఇటుక గోడ కట్టారు. అడుగును ఒక మూలకు వాలుగా తీర్చి, నీరు పోయే దారి పెట్టారు. అంటే కంటికి కనబడేది అందానికి, కనబడనిది కాపలాకు!

ఇక మన దగ్గరికి వద్దాం. 2021లో బళ్ళారి నుండి విడివడిన విజయనగర జిల్లాలో హంపి ఉంది. అక్కడి రాణివారి స్నానశాలలో తొట్టి 15 మీటర్ల చదరం, లోతు 1.8 మీటర్లు. ఇటుకతో కట్టి సున్నపు గారతో పూత వేశారు. మనం గార అంటాం, కన్నడంలో గారె అంటారు. మాట కాస్త మారినా పని ఒక్కటే. మన దేశపు పాత మేస్త్రీలు సున్నంలో ఇటుక పొడి కలిపి గానుగలో నూరేవారు. ఆ పొడి సున్నంతో కలిసి, తడిలో కూడా గట్టిపడుతుంది. కొన్నిచోట్ల బెల్లం నీళ్ళు, కరక్కాయ రసం చేర్చేవారు.

నేటి వాటర్‌ప్రూఫ్ పూతదీ అదే పని. టైల్స్ మధ్య సందుల్లో నింపే పొడి నీటిని పూర్తిగా ఆపలేదు. కాబట్టి ముందు వాలు తీర్చాలి. మూలలు గుండ్రంగా మలచి, జాలీగుడ్డ అద్ది, పూత రెండుసార్లు అడ్డంగా, నిలువుగా వేయాలి. అది ఆరాక తొట్టి నింపి, నీటిమట్టం దగ్గర గీత గీసి, కనీసం 24 గంటలు ఆగి చూడాలి. మట్టం తగ్గకపోతేనే టైల్స్ అతికించాలి. మేస్త్రీ తొందరపడినా మీరు తొందరపడకండి. టైల్స్ వేశాక కారితే, అన్నీ పగలగొట్టాల్సిందే.

ఈసారి హంపి వెళ్తే ఆ తొట్టి అంచున కాసేపు నిలబడండి. పేరు తెలియని ఆ మేస్త్రీల ఓపిక కనిపిస్తుంది.

సెలవు.