క్లచ్ పలకల మధ్య చమురు పొర

మోటారు సైకిళ్లు పుట్టిన కొత్తలో చాలా వాటికి క్లచ్ లేదు. ఇంజనుకూ వెనుక చక్రానికీ మధ్య ఒక తోలు పట్టీ మాత్రం ఉండేది. ఇంజను తిరిగితే చక్రం తిరగవలసిందే. చక్రం ఆగితే ఇంజనూ ఆగవలసిందే. బండిని నెట్టుకుంటూ పరుగెత్తి, ఇంజను అందుకోగానే ఎగిరి కూర్చోవాలి. దారికి ఎద్దు అడ్డం వచ్చిందా, మళ్లీ మొదటినుంచి పరుగు! 1910 ప్రాంతంలో ఇంగ్లండులోని ట్రయంఫ్ సంస్థ వెనుక చక్రపు కుండలోనే పలకల క్లచ్ అమర్చిన బండ్లను తెచ్చింది. ఆ బండ్లు కొన్నవారికి పరుగు తప్పింది.

పలకల క్లచ్‌లో కొన్ని గుండ్రని పలకలు ఇంజనుతోను, వాటి నడుమ నడుమ మరికొన్ని గేర్ల ఇరుసుతోను తిరుగుతాయి. స్ప్రింగులు వీటన్నిటినీ అదిమి ఉంచుతాయి. పిడి నొక్కితే ఆ ఒత్తిడి తొలగి, పలకలు విడివడాలి. పొడి పలకలు ఒక్కసారిగా పట్టుకొని బండిని కుదుపుతాయి, త్వరగా వేడెక్కుతాయి. అందుచేత వాటిని చమురులో తిప్పడం మేలని తోచింది. ఈ పద్ధతికి పేరు తెచ్చినవారిలో లివర్‌పూల్ ఆచార్యుడు హెన్రీ సెల్బీ హీల్‌షా (1854-1941) ఒకడు. ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఆయన క్లచ్ మోటారు కార్లలోకి ఎక్కింది. విశేషమేమంటే, దానికి కొద్దికాలం ముందు, 1898లో, ఆయన రెండు గాజు పలకల మధ్య సన్నని ద్రవపు పొర ఎలా ప్రవహిస్తుందో పరీక్షించి ప్రసిద్ధికెక్కాడు. క్లచ్ పట్టివేసే జబ్బుకు కారణం సరిగ్గా అటువంటి పొరలోనే ఉంది.

మన దేశంలో 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా, 1961లో మైసూరులో ఐడియల్ జావా మోటారు సైకిళ్ల తయారీకి పూనుకున్నాయి. ఖమ్మం జిల్లా అప్పటికి కొత్తది, 1953లో ఏర్పడింది. గోదావరికి అవతలనున్న భద్రాచలం తాలూకా తూర్పు గోదావరి జిల్లానుంచి 1959లో ఇందులో చేరింది. కాని తాలూకా చేరినంత సులభంగా బండి చేరలేదు. ఖమ్మంనుంచి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా వచ్చిన బండి నది ఒడ్డున ఆగి, పడవకోసం కాచుకోవాలి. 1965లో వంతెన ప్రారంభమైన తరువాతనే బండి దిగకుండా భద్రాచలం చేరి, దుమ్ముగూడెం, చర్ల అడవి దారులు పట్టడం సాధ్యమైంది. ఆ దారుల్లో క్లచ్ మొండికేస్తే మేస్త్రీ దగ్గరలో దొరకడు.

రాత్రంతా నిలిచిన బండిని ఉదయం కదిలించబోతే, పిడి నొక్కినా క్లచ్ విడవదు. గేరు వేయగానే బండి ముందుకు దూకుతుంది, లేదా ఇంజను ఆగిపోతుంది. ఎదుట మనిషి ఉంటే ప్రమాదమే. పలకలు అరిగాయనుకొని కొత్తవి కొనేవారు ఉన్నారు. అది తొందరపాటు. స్ప్రింగుల ఒత్తిడికి పలకల మధ్య చమురు రాత్రంతా పక్కలకు పోయి, పొర అతి పలచనవుతుంది. పలకలు విడివడాలంటే ఆ ఇరుకు సందులోకి చమురు తిరిగి రావాలి. దీని లెక్కను జోసెఫ్ స్టెఫాన్ 1874లో వియన్నాలో తేల్చాడు: పలకల ఎడం సగమైతే, అదే వేగంతో విడదీయడానికి ఎనిమిది రెట్లు బలం కావాలి. పుష్యమాసపు చలికి చమురు స్నిగ్ధత కూడా పెరుగుతుంది గనుక పట్టు మరింత బిగుస్తుంది.

విద్యార్థులు రెండు గాజు ముక్కల మధ్య ఆముదం చుక్క వేసి, గట్టిగా అదిమి చూడవచ్చు (అంచులు కోసుకోకుండా!). ఎదురెదురుగా లాగితే ఊడిరావు. పక్కకు జరిపితే నెమ్మదిగా జారతాయి. బుల్లెట్ నడిపేవారు ఉదయం చేసే పని ఇదే. ఇంజను ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, క్లచ్ పిడి పూర్తిగా నొక్కి నాలుగైదుసార్లు కిక్కు కొడతారు. ఆ బండిలో కిక్కు బలం క్లచ్ ద్వారానే ఇంజనుకు చేరుతుంది. ఇంజను మొరాయిస్తుంది గనుక పలకలు ఒకదానిపై ఒకటి జారి, పట్టు వదులుతుంది.

బండి వేడెక్కాక కూడా క్లచ్ విడవకపోతే మాత్రం నేరం చమురుది కాదు. మొదట కేబులు చూడాలి. వానకాలపు తుప్పు, వేసవి దుమ్ము తొడుగులో చేరితే తీగ పూర్తిగా కదలదు. పిడి దగ్గర వదులు రెండు మూడు మిల్లీమీటర్లు మించితే పలకలు చాలినంత విడివడవు. బొత్తిగా వదులు లేకపోతే క్లచ్ జారి కాలుతుంది, అది వేరే జబ్బు. ఇవి సరిగా ఉంటేనే మూత విప్పాలి. పలక వంగి ఉండవచ్చు. పాత బండ్లలో తరచు కనబడేది ఇంకొకటి: పలకల చెవులు ఏళ్లతరబడి కొట్టుకొని క్లచ్ డ్రమ్ము గాడి అంచుల్లో గాట్లు పడతాయి. పలక పక్కకు జరగబోయి ఆ గాటులో ఇరుక్కుంటుంది. గాటు లోతులేనిదైతే మేస్త్రీలు ఆకురాయితో నునుపు చేస్తారు. లోతైతే డ్రమ్ము మార్చవలసిందే.