ఎన్ని మిస్సైళ్లు మోస్తుందన్నదే లెక్క కాదు: వైజాగ్ సీ హారియర్ కథ

పోయిన వీడియో కింద మన అనకాపల్లి తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, ఎక్కువ మిస్సైళ్లు మోసే జెట్టే గొప్పది కదా?" నేనూ అనకాపల్లి వాణ్ణే, ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. జవాబు మనకి దగ్గర్లోనే, వైజాగ్ బీచ్ రోడ్డు మ్యూజియంలో ఉంది. దాని పేరు సీ హారియర్.

ఇవి మన నేవీకి 1983లో వచ్చాయి. మొదట విక్రాంత్, తర్వాత విరాట్ మీంచి ఎగిరాయి. రెక్కల కింద తగిలించడానికి ఉన్నవి నాలుగే చోట్లు. మిస్సైళ్లయినా, బాంబులైనా, అదనపు ఆయిల్ ట్యాంకులైనా ఎక్కువగా అక్కడే సర్దుకోవాలి. గాల్లో పోరాటానికి ఫ్రాన్స్ తయారీ మ్యాజిక్ మిస్సైల్ ఉండేది. అవతలి విమానం వేడిని పసిగట్టి వెంటపడుతుంది, కానీ దగ్గరికెళితేనే పని.

అసలు మెలిక ఇక్కడుంది. హారియర్ ఓడ మీద నిట్టనిలువుగా దిగుతుంది. అప్పుడు బరువంతా ఇంజినే మొయ్యాలి. ఎండకి గాలి పలచబడితే ఇంజిన్ బలం తగ్గుతుంది. వాడని మిస్సైళ్లతో వెనక్కొచ్చి దిగడమే కష్టం. మన మార్కెట్లో బెల్లం లోడ్ ఎత్తే లారీ డ్రైవర్ని అడగండి: ఎంత ఎక్కించావన్నది కాదు, ఘాట్ దిగేటప్పుడు బండి ఆగుతుందా అన్నదే లెక్క అంటాడు. బ్రిటన్ 2006లో తన సీ హారియర్లని పక్కన పెట్టిన కారణాల్లో ఈ వేడి సమస్య కూడా ఒకటి.

మరి మనవాళ్లు ఏం చేశారు? మిస్సైళ్ల సంఖ్య కాదు, విమానం చూపు పెంచారు. ఇజ్రాయెల్ రాడార్, డెర్బీ మిస్సైల్ అమర్చారు. పైలట్ కంటికి ఆనని దూరంలోని విమానాన్ని కూడా కొట్టే శక్తి వచ్చింది. అప్‌గ్రేడ్ అంటే అదీ.

కానీ రాడార్ మార్చినంత మాత్రాన పాత విమానం కొత్తదైపోదు. కొన్న ముప్పై దాకా విమానాల్లో సగానికి పైగా ప్రమాదాల్లోనే పోయాయి. పైలట్లూ ప్రాణాలు కోల్పోయారు. 2016 మేలో గోవాలో వీడ్కోలు చెప్పేశారు.

ఇదే లెక్క సుఖోయ్‌కీ వర్తిస్తుంది. దానికి 12 చోట్లున్నాయి. అయినా 2.5 టన్నుల బ్రహ్మోస్‌ని పొట్ట కింద ఒక్కటే కడతారు, అదీ విమానం ఒళ్లు గట్టిపరిచాకే. 2017 నవంబర్ 22న మొదటిసారి అలా పేల్చారు. ఇప్పుడు హైదరాబాద్ బీడీఎల్‌లో తయారవుతున్న అస్త్ర కూడా అదే సుఖోయ్ మీద ఎగురుతోంది.

ఈసారి బీచ్‌కెళితే ఆ హారియర్ ముందు సెల్ఫీ ఒక్కటే కాదు, రెక్కల కిందకీ ఓసారి చూడండి. దాన్ని నడుపుతూ తిరిగిరాని వాళ్లనీ ఒక్క నిమిషం తలుచుకోండి. ఉంటాను.