ఇటుకల పేటలో గెంతుపురుగు

కౌలాలంపూరు నగరమునందలి బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో సాయంకాలమున నడచువారికి పూలదండల యంగళ్లును, అరటియాకు భోజనశాలలును, వాని మెట్లపై వెనుకకాలితో చెవి గోకుకొను పిల్లులును కానవచ్చుచుండును. ఆ గోకుడునకు హేతువైన క్రిమిని తమిళులు తెళ్ళుపూచ్చి యందురు; మలయాళీలు చెళ్ళు అందురు; మలయులు పేనునకును దీనికిని కలిపి కుతు అనియే యందురు. తెలుగిండ్లలో మాత్రము దీనిని గోమారి యనియో, పిడుదు అనియో నోటికి వచ్చినట్లు పిలుచుట నేను వినియున్నాను. పిడుదు ఎనిమిది కాళ్లు గలిగి పశువు చర్మమును కరచిపట్టుకొని కదలక యుండునది. ఈ గెంతుపురుగు ఆరు కాళ్లది, ప్రక్కల నొక్కినట్లు పలుచనైనది, రెక్కలు లేకున్నను తన యొడలికంటె నెన్నో రెట్లు ఎత్తునకు గెంతునది. ఈ పేరుల కలయిక స్వల్పవిషయమని నాకు తోచదు. పిడుదును ఏరి పారవేసిన బాధ తీరును; గెంతుపురుగును ఎంత ఏరినను తీరదు, ఏలయన దాని సంసారములో అధికభాగము పిల్లి మీద గాక ఇంటి నేలమీద జరుగుచుండును.

ఈ పేటకు పేరు వచ్చిన విధము గూడ నేలతోను గోడలతోను ముడిపడినదే. 1881 జనవరిలో కౌలాలంపూరును అగ్ని దహించెను. ఆ యేటి చివర వరద ముంచెను. అంతవరకు ఆ యూరి యిండ్లు కొయ్యతోను మట్టితోను కట్టి, అత్తాపు అను తాటిజాతి యాకుతో కప్పినవి. ఆ కప్పులలో ఎలుకలు నిర్భయముగ కాపురముండెడివి. 1882లో సెలంగూరు రెసిడెంటుగా వచ్చిన ఫ్రాంక్ స్వెట్టెన్‌హామ్ ఇండ్లను ఇటుకతోను పెంకుతోను తిరిగి కట్టవలెనని విధింపగా, చీనీయుల నాయకుడైన యాప్ ఆ లోయ్ ప్రోత్సాహమున నగరమునకు దక్షిణముగా ఇటుక బట్టీలు వెలసి, ఆ తావునకు బ్రిక్‌ఫీల్డ్స్, అనగా ఇటుకల పేట, అను పేరు తెచ్చినవి. 1886లో క్లాంగు వైపు పొగబండి నడువ నారంభించెను. పిమ్మట రైల్వే కర్మాగారములును, పనివారి నివాసములును ఏర్పడి, తమిళులు, సింహళులు, మలయాళీలు ఆ పేటను తమదిగా చేసికొనిరి. విశాఖపట్టణ, గోదావరీ ప్రాంతములనుండి ఓడలెక్కి పేరాకు, జొహోరు తోటలకు పోయిన తెలుగువారిలో కొందరి సంతతి కూడ కాలక్రమమున నగరము చేరినది.

వారు తమతో తెచ్చుకొన్న గృహాచారములను తలచినపుడు నాకు గౌరవము కలుగును. తెల్లవారక మున్నే మూలమూలలను ఊడ్చుట, వాకిట కళ్లాపి చల్లుట, పండుగకు ముందు గోడలకు సున్నము వేయుట, చాపలను బొంతలను ఎండలో దులుపుట, సందెవేళ సాంబ్రాణియు వేపాకును పొగవేయుట, ఇవి ఏ పురుగును పేరుపెట్టి ఉద్దేశించినవి కావు. అయినను ఊడ్పును ఎండయును సూటిగా గురికి తగిలినవి. ఆడుపురుగు పిల్లి వెండ్రుకలలో పెట్టు గ్రుడ్లు నునుపైనవగుటచే అంటియుండక, పిల్లి పండుకొన్న తావుననే రాలిపడును. వానినుండి వెడలు సన్నని పురుగులు వెలుతురునకు వెఱచి పలకల సందులలోను చాపల క్రిందను దాగి, పెద్ద పురుగులు విడిచిన ఎండిన రక్తమలమును తిని పెరుగును. వానికి తేమ ప్రాణము, పొడి యెండ మృత్యువు. సంవత్సరము పొడవునను గాలిలో తేమ తగ్గని మలయాదేశమున వానికి ఏ ఋతువును శత్రువు కాకపోవుటచే, అచ్చటి గృహిణికి చీపురు పని పండ్రెండు మాసములును తప్పలేదు. పొగల విషయమున మాత్రము నా యభిప్రాయము వేరు. అవి దోమలను కొంత తోలియుండవచ్చును గాని, సందులోని పురుగును చేరియుండవు.

ఈ పురుగు కేవలము దురద పుట్టించునది మాత్రమే కాదని లోకమునకు తెలిసినది 1898లో. అంతకు రెండేండ్ల ముందు బొంబాయి నగరమును ప్లేగు మహామారి పట్టుకొనెను. కరాచీలో పనిచేయుచుండిన ఫ్రెంచి వైద్యుడు పాల్ లూయీ సిమాన్, చచ్చిన యెలుక శరీరము చల్లబడినంతనే దానిమీది పురుగులు దానిని విడిచి వేరొక వెచ్చని శరీరమును వెదకికొనుటను కనిపెట్టి, వ్యాధిని మోయునవి అవియే యని ప్రకటించెను. పలువురు నమ్మలేదు. 1905 తరువాత బొంబాయిలో జరిగిన పరీక్షలు సిమాన్ మాటను నిలబెట్టినవి.

కౌలాలంపూరున కథ మఱియొక మార్గమున సాగెను. అచ్చట 1900లో స్వెట్టెన్‌హామ్ పూనికతోనే వైద్యపరిశోధనాలయ మొకటి వెలసెను. దాని తొలి లక్ష్యములు బెరిబెరియు, మలేరియా జ్వరములును. 1920ల నడుమ అందు విలియం ఫ్లెచర్, లెస్లర్ అను వైద్యులు ఉష్ణదేశపు టైఫస్ అని పిలువబడు జ్వరమును పరిశీలించుచుండిరి. రోగి రక్తపు ద్రవమును ప్రోటియస్ అను సూక్ష్మజీవుల పెంపకములో కలిపినపుడు ఆ జీవులు గుంపులు కట్టినచో ఈ జ్వరమని గుర్తించుట నాటి పద్ధతి. కింగ్స్‌బరీ అను వైద్యుడు లండనునుండి ఇట్టి పెంపకము నొకదానిని తెచ్చెను. అది వాడుకలోనున్న వార్సా పెంపకము వంటిదే యని యెల్లరును తలచిరి. కాని పట్టణపు అంగళ్లలోను గిడ్డంగులలోను మసలు రోగుల రక్తము వార్సా పెంపకమును గుంపుకట్టింపగా, తోటలలోను పొదలలోను పనిచేయు కూలీల రక్తము కింగ్స్‌బరీ పెంపకమును మాత్రమే గుంపుకట్టించెను. ఒక్క పేరు క్రింద రెండు జ్వరములు దాగియున్నవని అట్లు బయటపడెను. మొదటిది అంగడి టైఫస్. రెండవది పొద టైఫస్. పొదలలోని దానిని మోయునది కంటికి సరిగా కానరాని పురుగు పిల్ల. అంగళ్లలోని దానిని మోయునది ఎలుకమీది గెంతుపురుగు. అది కరచుటవలన గాక, కరచిన చోట విడిచిన మలమును మనము గోకి చర్మములోనికి రుద్దుకొనుటవలన జ్వరము ప్రవేశించును. గోకకుమని పిల్లలను అదలించిన అవ్వలు ఎంత లోతైన మాట యనిరో వారే యెఱుగరు.

రెండవ ప్రపంచయుద్ధానంతరమున డి.డి.టి. చూర్ణము వచ్చెను. ఎలుకలు తిరుగు దారులలో మొదట చూర్ణము చల్లి, పురుగులు చచ్చిన పిదపనే ఎలుకలను చంపవలెనను నియమము సిమాన్ చూపిన సత్యమునుండి పుట్టినదే. క్రమము తప్పినచో చచ్చిన యెలుకను విడిచిన పురుగులు మనుష్యులపైకి వచ్చును. కాలక్రమమున పురుగు ఆ చూర్ణమునకు అలవాటుపడెను. 1990లనుండి పిల్లి మెడ వెనుక చర్మముపై కొన్ని చుక్కలు వేయు మందులు వాడుకలోనికి వచ్చినవి. వీనియందు ఒక జాగ్రత్త ప్రాణావసరమైనది: కుక్కలకై చేసిన పర్మెత్రిన్ మందును పిల్లికి పూయరాదు, పిల్లి కాలేయము దానిని విరువజాలదు, వణకుచు ప్రాణము విడువవచ్చును. పొగాకు కషాయమును, కిరసనాయిలును పూయుట ఇట్టి ప్రమాదమే. పేలకు వాడు సీతాఫలపు గింజల పొడి కంటబడినచో చూపునకే ముప్పు.

మందు ఎంత మంచిదైనను మిగులునది పట్టుగూడు. నేలమీది సన్నని పురుగు జిగురుదారముతో గూడు అల్లుకొని, దానికి దుమ్ము నంటించుకొని, అందు నెలల తరబడి నిశ్చలముగ వేచియుండగలదు. ఏ మందును ఆ గూటిలోనికి చక్కగా చొరదు. అడుగుల అదరును, ఒంటి వెచ్చదనమును సోకిననే అది లేచును. బ్రిక్‌ఫీల్డ్స్‌లో రైల్వేవారి పాత వరుసయిండ్లలో పెక్కింటిని కూల్చివేసిరి. నిలిచియున్న యే పాతయింటనైనను, మునుపటి కాపురమువారు పిల్లితోకూడ వెడలిపోయి నెలలు గడచిన పిదప క్రొత్తవారు తలుపు తెరచి లోనడుగిడినచో, కొన్ని నిమిషములలోనే చీలమండలు దురదపెట్టును. అట్టివారు వెంటనే వెడలిపోక, మఱి రెండు వారములు దినదినమును ఇల్లంతయు నడచి, ఊడ్చి, ఊడ్చినదానిని వీధికి దూరముగ తగులబెట్టి, చాపలను మరల ఎండవేయవలెను.